మహాసంఖ్యను జయించిన ఉపాధ్యాయుడు: ఎద్వార్ లూకా

నిజాంసాగరు కాలువలు పారే బాన్సువాడ ప్రాంతములో వడ్ల రాశిని చూడని విద్యార్థి ఉండడు. 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన ఆ జలాశయము మంజీరా నీటిని పొలాలకు మళ్ళించిన నాటి నుండి అక్కడి కల్లాలకు ధాన్యము కొత్త కాదు. అట్టి సీమలోని బడిలో ఉపాధ్యాయుడు ఒక చదరంగపు బల్లను ముందుంచి, మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేస్తూ అరువది నాలుగు గడులు నింపుమన్నాడనుకొందాము. మొదటి వరుస పూర్తియగుసరికి 255 గింజలు చాలును. కాని చివరి గడి నిండుటకు బాన్సువాడ ధాన్యమే కాదు, ప్రపంచమంతటా వందల సంవత్సరాలు పండే ధాన్యము కావలసివచ్చును.

ఆ మొత్తము 18446744073709551615. ఈ ఇరువది అంకెల సంఖ్య తెలుగువారికి పరాయిది కాదు. సంస్కృత గణితసార సంగ్రహమును తెనుగు చేసిన పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన ఒక పద్యములో శరములు, చంద్రుడు, వేదములు, సముద్రములు మొదలైన సంకేత పదాలతో ఈ సంఖ్య చెక్కుచెదరకుండ నిక్షిప్తమై ఉన్నది. అరువది నాలుగు రెండ్లను ఒకదానితో నొకటి గుణించి, వచ్చినదానిలో ఒకటి తీసివేస్తే ఈ సంఖ్య వచ్చును. దీనిని 2⁶⁴−1 అని వ్రాయుదురు.

ఇదే కుదురునకు చెందిన మరొక సంఖ్య, ఇంతకు దాదాపు రెట్టింపు పొడవు గలది, 2¹²⁷−1. దానికి ముప్పదితొమ్మిది అంకెలు. అది ప్రధాన సంఖ్య అని, అనగా ఒకటితోను తనతోను తప్ప మరే సంఖ్యతోను నిశ్శేషముగా భాగింపబడదని, యంత్రసహాయము లేని కాలములో 1876లో నిరూపించినవాడు విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాడు. రాజాస్థాన పండితుడును కాడు. ఆయన ఫ్రాన్సు దేశములో పాఠశాలలో గణితము బోధించిన ఉపాధ్యాయుడు. పేరు ఎద్వార్ లూకా.

లూకా 1842వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఉత్తర ఫ్రాన్సులోని ఆమియెఁ నగరములో జన్మించినాడు. చదువులో చురుకైనవాడు. పారిసులో ఆనాడు అత్యంత ప్రతిష్ఠ గల రెండు విద్యాలయాలలోను ఆయనకు ప్రవేశము లభించినది. ఒకటి ఇంజనీర్లను, సైనికాధికారులను తయారుచేసే పాలిటెక్నిక్. రెండవది ఉపాధ్యాయులను తీర్చిదిద్దే ఎకోల్ నోర్మాల్. యువకుడైన లూకా రెండవదానినే ఎంచుకొన్నాడు.

విద్య ముగిసిన పిదప కొంతకాలము పారిసు నక్షత్రశాలలో పనిచేసినాడు. ఆ సంస్థకు అప్పుడు అధిపతి లెవెరియే. నెప్ట్యూన్ గ్రహము ఆకాశములో ఏ తావున ఉండవలెనో కాగితముపై లెక్కకట్టి చెప్పిన ఖగోళ శాస్త్రవేత్త ఆయనయే. అట్టి చోట పనిచేసినవానికి దీర్ఘ గణనలయందు ఓపిక అలవడుట సహజము. 1870లో ఫ్రాన్సుకు ప్రష్యాకు యుద్ధము వచ్చినది. లూకా ఫిరంగి దళములో అధికారిగా పనిచేసినాడు. ఫ్రాన్సు ఓడిపోయినది. యుద్ధానంతరము ఆయన బోధనవృత్తికి మరలి, 1872 నుండి మూలాఁ పట్టణములోని ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడైనాడు. తరువాత పారిసులోని షార్లమాన్, సెంలూయి పాఠశాలలలో పనిచేసినాడు. జీవితాంతము ఆయన వృత్తి అదియే.

ఆ పాఠశాల ఉపాధ్యాయుని మనస్సును పట్టుకొన్న ప్రశ్నకు అప్పటికే రెండు వందల ముప్పది యేండ్ల వయస్సున్నది. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి మతగురువు ఒక గ్రంథములో ఒక జాబితా ప్రకటించినాడు. రెండు యొక్క ఘాతములలో ఒకటి తగ్గించగా వచ్చు సంఖ్యలలో ఘాతాంకము 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అయినప్పుడు మాత్రమే, 257వ ఘాతము వరకు, ప్రధాన సంఖ్యలు వచ్చునని ఆయన వ్రాసినాడు. దానికి నిరూపణ చూపలేదు. అంత పెద్ద సంఖ్యలను ఆయన పరీక్షించి ఉండుట అసాధ్యము. అయినను, ఆ మాటను కాదనుటకు గాని అవుననుటకు గాని ఎవరికిని మార్గము దొరకలేదు. 1772లో ఆయిలర్ మహాశయుడు 2³¹−1, అనగా 2147483647, ప్రధాన సంఖ్యయే అని నిర్ధారించినాడు. 1867లో లాండ్రి అనే ఫ్రెంచి గణితజ్ఞుడు పదమూడు అంకెల ప్రధాన సంఖ్య నొకదానిని చూపినాడు. మానవుని చేయి అంతవరకే అందినది.

ఈ సంఖ్యల స్వభావమును మన ఛందశ్శాస్త్రము చదివిన విద్యార్థి ఇతరులకంటె సులభముగా గ్రహింపగలడు. మూడక్షరాల గణాలు ఎనిమిది. ఏలన ఒక్కొక్క అక్షరము గురువో లఘువో కావలెను; రెండు రెండ్లు నాలుగు, నాలుగు రెండ్లు ఎనిమిది. ప్రస్తారక్రమములో మగణము మొదటిది, మూడును లఘువులైన నగణము ఎనిమిదవది. పాదమునకు ఇరువది అక్షరాలు గల వృత్తాలు 10,48,576. వానిలో ఉత్పలమాల 3,55,799వది. ఈ సంఖ్యను కంఠస్థము చేయనక్కరలేదు. గురువునకు సున్న, లఘువునకు ఒకటి ఉంచి, మొదటి అక్షరమునకు 1, రెండవదానికి 2, మూడవదానికి 4 చొప్పున విలువనిచ్చి, లఘువులున్న చోటి విలువలను కూడి, ఒకటి చేర్చితే అదియే వచ్చును. నేడు గణనయంత్రాలు వాడే ద్విసంఖ్యామానము ఇదియే. అక్షరాలన్నియు లఘువులైన పాదములో విలువలను కూడితే వచ్చునది 2 యొక్క ఘాతములో ఒకటి తక్కువ. మూడు లఘువులకు 7. ఏడు లఘువులకు 127. నూట ఇరువదియేడు లఘువుల పాదమున్నదనుకొంటే, దాని విలువయే లూకా పరీక్షించిన మహాసంఖ్య.

లఘువుల సంఖ్య ప్రధాన సంఖ్య కానిచో ఈ విలువ ఎన్నడును ప్రధాన సంఖ్య కానేరదు. పావులూరి మల్లన సంఖ్య చివర 5 ఉన్నది గనుక అది ఐదుచే భాగింపబడునని చిన్నపిల్లవాడైనను చెప్పును. కాని లఘువుల సంఖ్య ప్రధానమైనంత మాత్రాన విలువ ప్రధానమగునను భరోసా లేదు. రెండు, మూడు, ఐదు, ఏడు లఘువులకు వరుసగా 3, 7, 31, 127 వచ్చును. అన్నియు ప్రధాన సంఖ్యలే. పదునొకండు లఘువులకు వచ్చు 2047 మాత్రము 23ను 89తో గుణించిన ఫలము. చిక్కు ఇక్కడనే ఉన్నది.

ఒక సంఖ్య ప్రధానమగునో కాదో తెలియుటకు బడిలో నేర్పు పద్ధతి, చిన్న సంఖ్యలతో వరుసగా భాగించి చూచుట. వర్గమూలము వరకు భాగించితే చాలును. కాని 2¹²⁷−1 యొక్క వర్గమూలమే ఇరువది అంకెల సంఖ్య. సెకనుకు ఒక భాగహారము చొప్పున రేయింబవళ్ళు చేసినను నలుబది వేల కోట్ల సంవత్సరాలు పట్టును. కొన్ని సంఖ్యలను ముందే తోసిపుచ్చు ఉపాయాలున్నను, ఒక మనిషి జీవితకాలములోనికి ఆ పని ఒదుగదు. మార్గమే మారవలెను.

లూకా ఆ మార్గమును వెదకినది ఒక చిన్న శ్రేఢిలో. 1, 1, 2, 3, 5, 8, 13 అని ముందరి రెండింటిని కూడుచు సాగు శ్రేఢికి ఇటలీ దేశపు మధ్యయుగ గణితజ్ఞుడైన ఫిబొనాచి పేరును స్థిరపరచినవాడు లూకాయే. మన ఛందోవేత్తలు మాత్రావృత్తాలను లెక్కించుటలో ఆ వరుసను అంతకు ముందే ఎరిగి ఉండిరి. దానికి తోబుట్టువైన 1, 3, 4, 7, 11, 18, 29, 47 అను శ్రేఢికి నేడు లూకా పేరే ఉన్నది. ఈ శ్రేఢులలోని సంఖ్యలను ఏ ప్రధాన సంఖ్యలు ఎక్కడెక్కడ భాగించునో పరిశీలించుచు ఆయన ఒక అద్భుతమైన పరీక్షను కనిపెట్టినాడు.

ఆ పరీక్షను పలకపై చేసి చూడవచ్చును. 127తో ప్రయత్నింతము. మొదట 3 వేయవలెను. దానిని వర్గము చేసి 2 తీసివేస్తే 7. ఏడును వర్గము చేసి 2 తీసివేస్తే 47. దానిని అట్లే చేస్తే 2207. దీనిని 127తో భాగించగా శేషము 48. దాని వర్గములో 2 తీసివేసి 127తో భాగించగా శేషము 16. పదునారును వర్గము చేసి 2 తీసివేస్తే 254. అది 127కు సరిగా రెండు రెట్లు, శేషము సున్న. లఘువులు ఏడు గనుక ఆరవ పదము వద్ద సున్న రావలెను, వచ్చినది. కనుక 127 ప్రధాన సంఖ్య. ఇక 2047తో చేస్తే 3, 7, 47, 160, 1034, 620, 1609, 1471, 160, 1034 అని సాగును. పదవ పదము వద్ద సున్న రాలేదు. కనుక 2047 ప్రధాన సంఖ్య కాదు. ఈ పరీక్షలో 23 గాని 89 గాని ఎక్కడను కనబడలేదని గమనింపవలెను. దొంగ యెవడో తెలియకుండగనే దొంగతనము జరిగినదని రుజువు చేయుట వంటిది ఇది. ఘాతాంకమును నాలుగుతో భాగించగా మూడు మిగిలినప్పుడు 3తో ఈ పరీక్షను ప్రారంభింపవచ్చును. 7, 11, 67, 127 అన్నియు అట్టివే.

నూట ఇరువదియేడవ ఘాతమునకు ఇట్టి వర్గములు నూట ఇరువదియైదు చేయవలెను. ఒక్కొక్క వర్గములో డెబ్బదియేడు అంకెల వరకు వచ్చును. ప్రతిసారియు ముప్పదితొమ్మిది అంకెల సంఖ్యతో భాగించి శేషము తీయవలెను. ఒక్క అంకె తప్పితే తరువాతిదంతయు వ్యర్థము. ఈ శ్రమను తగ్గించుటకు లూకా గళ్ళబల్లను, బంట్లను వాడు పద్ధతి నొకదానిని వివరించినాడు. సంఖ్యను లఘు గురువుల వలె ద్విసంఖ్యామానములో పరచి, ఒక నిలువు వరుసలో రెండు బంట్లు చేరితే వానిని తీసి ఎడమ వరుసలో ఒక బంటు నుంచవలెను. నూట ఇరువదియేడవ గడి దాటి ఎడమకు పోవు బంటు తిరిగి కుడివైపు మొదటి గడిలోనికి వచ్చును. అంతమాత్రముచేత భాగహారము దానంతటదియే జరిగిపోవును. ఏలన రెండు యొక్క 127వ ఘాతమును ఈ సంఖ్యతో భాగించగా మిగులు శేషము ఒకటియే. మహాగణితము పులిజూదము వంటి ఆటగా మారినది.

1876లో లూకా ఫలితాలను ప్రకటించినాడు. 170 141 183 460 469 231 731 687 303 715 884 105 727 అను సంఖ్య ప్రధాన సంఖ్య. మెర్సెన్ చెప్పినది ఇక్కడ నిజమైనది. కాని అదే పరీక్షకు 2⁶⁷−1 నిలువలేదు. అది ప్రధాన సంఖ్య కాదు. రెండు శతాబ్దాలకు పైగా ప్రశ్నింపరాని దానివలె నిలిచిన జాబితాలో మొదటి తప్పును చూపినవాడు ఈ ఉపాధ్యాయుడే. ఆ సంఖ్యకు కారణాంకాలున్నవని మాత్రమే ఆయన చెప్పగలిగినాడు. అవి ఏవో చెప్పలేకపోయినాడు. ఇరువదియేడు సంవత్సరాల తరువాత, 1903లో, కోల్ అనే అమెరికా గణితజ్ఞుడు ఒక పండిత సభలో నల్లబల్ల వద్ద నిలిచి, 193707721ని 761838257287తో గుణించి చూపినాడు. ఒక్క మాటయైనను పలుకక కూర్చున్నాడని చెప్పుదురు. లూకా మాట నిలిచినది.

1878లో, అప్పుడే వెలువడిన అమెరికా గణిత పత్రిక మొదటి సంపుటములో, తన శ్రేఢుల సిద్ధాంతమును లూకా విస్తరించి ప్రచురించినాడు. అందులోని నిరూపణలు కొన్ని అసంపూర్ణములు. వేగముగా ముందుకు పోవువాడు వెనుకటి దారిని చదును చేయుటకు నిలువలేదు. ఆ లోపములను తరువాతివారు పూరించిరి. 1914లో ఫోకెంబెర్గ్ అను ఫ్రెంచి దేశీయుడు 2¹²⁷−1 ప్రధానమేయని తిరిగి స్థాపించినాడు. 1930లో లేమర్ అను అమెరికా గణితజ్ఞుడు పరీక్షను 4తో ప్రారంభమగునట్లు సంస్కరించి, దోషరహితముగా నిరూపించినాడు. నేడు అది లూకా–లేమర్ పరీక్ష అను పేర ప్రసిద్ధము. మెర్సెన్ జాబితాలో 67తో పాటు 257 కూడ తప్పని, 61, 89, 107 చేర్చవలసి ఉండెనని క్రమముగా తేలినది.

లూకా పేరు సామాన్య ప్రజలకు చేరినది మాత్రము ఈ పరిశోధనవలన కాదు, ఒక ఆటబొమ్మవలన. 1883లో పారిసు అంగళ్ళలో మూడు కొయ్యలు, వానిలో ఒకదానిపై పెద్దదాని మీద చిన్నదిగా పేర్చిన బిళ్ళలు గల ఆట నొకటి వెలసినది. పేరు హనోయి గోపురము. కర్త సయాము దేశపు పండితుడైన క్లాస్ అని పెట్టెపై ఉండినది. ఆ పేరులోని అక్షరాలను తారుమారు చేస్తే ఆమియెఁ వాస్తవ్యుడైన లూకా బయటపడును. పెద్ద బిళ్ళను చిన్నదానిపై ఉంచకుండ, ఒక్కొక్కటిగా బిళ్ళలన్నింటిని మరొక కొయ్యకు మార్చవలెను. మూడు బిళ్ళలకు 7 ఎత్తులు, ఏడు బిళ్ళలకు 127 ఎత్తులు. అన్నియు మెర్సెన్ కుదురు సంఖ్యలే. ఈ ఆటతో పాటు ఒక కథయు ప్రచారమైనది. కాశీలోని దేవాలయములో అర్చకులు అరువదినాలుగు బంగారు బిళ్ళలను ఇట్లు మార్చుచున్నారనియు, ఆ పని ముగిసిననాడు ప్రపంచము అంతమగుననియు దాని సారాంశము. కాశీలో అట్టి ఆలయమేదియు లేదు. కథ పారిసులో పుట్టినది. కాని అందులోని సంఖ్య మల్లన పద్యములోని సంఖ్యయే. సెకనుకు ఒక ఎత్తు చొప్పున దానికి యాబదియెనిమిది వేల కోట్ల సంవత్సరాలు పట్టును.

ఆటల ద్వారా గణితమును పిల్లలకు ప్రియము చేయుట లూకాకు వ్రతమైనది. గణిత వినోదాల గ్రంథము మొదటి రెండు సంపుటాలు 1882, 1883 సంవత్సరాలలో వెలువడినవి. చుక్కలను గీతలతో కలిపి గళ్ళు కట్టు ఆటను 1889లో ఆయన ప్రకటించినాడు. నేడు అది ఏ బడిలోనైనను నోటుపుస్తకముల చివరి పుటలలో కనబడును. ఆయన వేసిన ప్రశ్నలు కొన్ని పండితులనే తికమక పెట్టినవి. ఫిరంగి గుండ్లను చదరపు పీఠముపై గోపురముగా పేర్చి, ఆ గుండ్లనే తిరిగి నేలపై చదరముగా పరచవలెననినచో ఎన్ని వరుసలు కావలెను? ఒకటి నుండి 24 వరకు గల సంఖ్యల వర్గాలను కూడితే 4900. అది 70 యొక్క వర్గము. ఒక గుండు గల అల్పమైన సందర్భము తప్ప మరొక సమాధానము లేదని 1875లో లూకా సూచించినాడు. దానికి పూర్తి నిరూపణ 1918లో గాని రాలేదు.

1891లో సంఖ్యాశాస్త్రముపై ఆయన రచించిన గ్రంథము మొదటి సంపుటము వెలువడినది. రెండవ సంపుటము రాలేదు. ఆ యేడు మార్సేయి నగరములో శాస్త్రాభివృద్ధి సంఘము వార్షిక సమావేశము జరిగినది. విందు సమయములో వడ్డించువాని చేతి నుండి పింగాణి పాత్రలు జారి పగిలినవి. ఒక పెంకు ఎగిరి లూకా చెంపను కోసినది. గాయము చిన్నదే. కాని అది చీముపట్టి విసర్పిగా పరిణమించినది. క్రిమిసంహారక ఔషధాలు నేటివలె లేని కాలము. కొద్ది దినాలలో, అక్టోబరు 3వ తేదీన, నలుబదితొమ్మిదవ యేట ఆయన పారిసులో మరణించినాడు. వినోదగణితము మిగిలిన రెండు సంపుటాలు ఆయన మరణానంతరము 1893, 1894 సంవత్సరాలలో అచ్చయినవి.

లూకా చూపిన ముప్పదితొమ్మిది అంకెల సంఖ్య డెబ్బదియైదు సంవత్సరాలు ప్రపంచమునకు తెలిసిన ప్రధాన సంఖ్యలలోకెల్ల పెద్దదిగా నిలిచినది. 1951లో ఫెర్రియే అను ఫ్రెంచి గణితజ్ఞుడు చేతి లెక్కయంత్రముతో నలుబదినాలుగు అంకెల సంఖ్యను చూపినాడు. అదే యేడు ఇంగ్లండులో విద్యుద్గణనయంత్రము దానిని దాటినది. అటుపిమ్మట యంత్రాల పందెమే. 2024 అక్టోబరులో అమెరికాకు చెందిన ల్యూక్ డురాంట్ కనుగొన్న మెర్సెన్ ప్రధాన సంఖ్యకు 4,10,24,320 అంకెలు. రెండు యొక్క 13,62,79,841వ ఘాతములో ఒకటి తక్కువ అది. దానిని ధ్రువపరచుటకు యంత్రాలు చేసినది లూకా–లేమర్ పరీక్షయే: వర్గము చేయుట, రెండు తీసివేయుట, శేషము పట్టుట. యంత్రము మారినది గాని మార్గము మారలేదు. యంత్రసహాయము లేకుండ నిర్ధారితమైన ప్రధాన సంఖ్యలలో మిక్కిలి పెద్దది నేటికిని లూకాదే.

విశ్వవిద్యాలయ పీఠము లూకాకు దక్కలేదు. ఆయన పగలు పాఠాలు చెప్పినాడు, తీరిక వేళల సంఖ్యలతో ఆడుకొన్నాడు. ఆ ఆట ఫలితముగా ఒక సత్యమును తెలుసుకొనుటకు దానిని ముక్కలు చేయనక్కరలేదని, సరియైన ప్రశ్న వేస్తే అదియే సమాధానము చెప్పునని లోకమునకు తెలిసినది. బాన్సువాడ బడిలో కూర్చున్న బాలుడు పలకపై 3, 7, 47, 48, 16 వ్రాసి, ఆ వెనుక సున్న వచ్చుట చూచినప్పుడు, 1876లో లూకా నూట ఇరువదియైదు వర్గముల పిదప చూచిన సున్న ఎట్టిదో వానికి కొంత తెలియును.